ఎరుపు చూడని ప్లేటు

మనిషి ఏ పరదా ముందు నిలబడి ఫోటో తీయించుకుంటాడో చూస్తే చాలు, అతని గురించి ఇంకెవరినీ అడగనక్కరలేదని చాలా ఏళ్లు నమ్మాను. మట్టెవాడలోని నా స్టూడియోలో నాలుగు పరదాలుండేవి. ఒకదాని మీద కొలను, హంసలు. ఒకదాని మీద పుస్తకాల బీరువా. ఒకదాని మీద ఆగి ఉన్న రైలు. ఈ మూడూ పట్నం పక్క లష్కర్‌లో కొన్నవి. నాలుగోది రాజమహలు. అది నేను వేసింది.

పోలీసు అమీను హంసలు కావాలన్నాడు. అంతకుముందు రోజు బజారులో ఒకణ్ణి ఎముకలు విరిగేలా కొట్టిన చేత్తోనే గులాబీ పువ్వు పట్టుకుని, తల కొంచెం పక్కకు వాల్చి కూర్చున్నాడు. వడ్డీ వ్యాపారి బీరువా ముందు కుర్చీ వేయించుకుని, ఆ బొమ్మలో ఉన్న పుస్తకాల్లోంచి ఒకటి తీసి చేతికివ్వమన్నాడు. అది గుడ్డ అని చెబితే నమ్మలేదు, లేచి తడిమి చూశాడు. ఎవడికి లేనిది వాడు వెనక పెట్టుకుంటాడు. ఇది నా సిద్ధాంతం. డోర్నకల్ నుంచి ఏడాదికోసారి వచ్చే రైల్వే గార్డు ఒక్కడే దీనికి లొంగలేదు. ఏడాదంతా రైల్లో తిరిగి, సెలవు పెట్టుకుని వచ్చి, మళ్లీ గుడ్డమీది రైలు ముందే నిలబడేవాడు. అందుకని అతనంటే నాకు గిట్టేది కాదు.

యుద్ధం చివరి ఏడు, ఎండలు ముదరకముందు, హనుమకొండ వకీలు రాజేశ్వర్ రావు కబురు పంపాడు. పట్నం నుంచి నేత పరిశ్రమల మహకమాకు, అంటే ఆ శాఖకు, పెద్ద అధికారి అయిన మొహతమీం సాబు వస్తున్నాడట. ఆయనకు వకీలు ఇంట్లో చాయ్ విందు. విందు తర్వాత అందరూ కలిసి ఫోటో. నాలుగు పరదాలూ తెస్తే ఇంట్లో వాళ్లు చూసి ఒకటి ఎంచుతారట.

నేను పరదాలు బండి మీద వేసుకుని పోయేసరికి వకీలు వరండాలో ఉన్నాడు. పక్కన అతని భార్య ఇందిరమ్మ, చుట్టాలావిడ ఒకరు, మునిమాపు దాకా ఏ పనీ లేని ఇద్దరు ముగ్గురు మిత్రులు. మెట్ల కింద, ఒక మూటను ఒళ్లో పెట్టుకుని, కొత్తవాడ సాలె రాజలింగు కూర్చున్నాడు. అతను జంపఖానాలు నేస్తాడు. అతని జంపఖానాల మీద నేను చాలాసార్లు కూర్చున్నాను. అతన్ని చూసింది తక్కువ.

"పరదా అంటే మామూలు మాట గాదు వీరభద్రం," అన్నాడు వకీలు. "ఈ ఫోటో పట్నం పోతది. మహకమా పుస్తకంల అచ్చయితది. ఇజ్జత్ కా సవాల్."

హంసల పరదా విప్పాను.

"బాగనే ఉన్నది గని, సాబు నెత్తిమీద హంస కూసున్నట్టు పడితే?" అన్నాడొక మిత్రుడు.

రైలు విప్పాను. సాబుకు బదిలీ అయిందనుకుంటారన్నారు. బీరువా విప్పాను. "నా ఇంట్ల నిజం పుస్తకాలుండంగ బొమ్మవెందుకయ్యా?" అన్నాడు వకీలు. ఆ నిజం పుస్తకాలను నేను చూశాను. సగం వాటికి కాగితాల అంచులు ఇంకా కోయలేదు.

చివరికి మహలు విప్పాను. దాన్ని కావాలనే చివరిదాకా అట్టే పెట్టాను. ఏడు నెలలు వేశాను దాన్ని. స్తంభాల నీడలు, పాలరాతి మెట్లు, దూరంగా కమాను, కమానులోంచి ఆకాశం. అంతా బూడిద రంగు, మట్టి రంగు. ఫోటోకు అంతకంటే రంగు అక్కరలేదు. కంటికి కనబడేది వేరు, కెమెరాలోని గాజు ప్లేటుకు కనబడేది వేరు.

ఇందిరమ్మ కాసేపు చూసింది. "ఇదేందయ్యా, అగ్గి అంటుకొని ఆరిపోయిన మహలా? బూడిద తప్ప ఏం కనవడ్తలేదు."

అందరూ నవ్వారు. చుట్టాలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, మళ్లీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు పెదవుల మీద ఉండగానే లోపల ఏదో ఒక తలుపు మెల్లగా మూసుకుంది. మనసు గురించి నేను చదివిన రెండు ఇంగ్లీషు పుస్తకాల్లోనూ అవమానం కోపంగా మారుతుందని ఉంది. నాలో అది మర్యాదగా మారింది. "మీ ఇష్టమమ్మా" అన్నాను.

"రాజలింగూ, నీది ఇప్పు జర," అంది ఇందిరమ్మ.

రాజలింగు మెట్లెక్కి మూట విప్పాడు. అది సాబుకు కానుకగా ఇవ్వడానికి నేసిన జంపఖాన. ఇద్దరు మనుషుల నిలువంత వెడల్పు. ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. నల్లటి నేల మీద ఎర్రటి అల్లిక. పాలంపేట గుడి కప్పులో రాతి మీద చెక్కిన పద్మాల వరుస ఉంది కదా, దాన్ని మెట్లు మెట్లుగా నూలులోకి దించాడు. అతను మూడుసార్లు అక్కడికి పోయి, వెల్లకిలా పడుకుని గీసుకున్నాడట. అతని భార్య మొగిలమ్మ రంగు అద్దింది. ఎరుపు చిక్కగా, పచ్చినెత్తురులా కాదు, కాగిన ఇనుములా ఉంది. వరండాలో అందరూ దగ్గరికి జరిగారు. నేనూ నాకు తెలియకుండానే రెండడుగులు ముందుకు వేశాను. ఆ క్షణంలోనే ఇంకొకటి కూడా తెలిసింది. ఇది ఫోటోలో పడదు.

మేము వాడే మామూలు ప్లేటుకు ఎరుపు కనబడదు. అందుకే దాన్ని ఎర్ర దీపం వెలుగులో కడుగుతాం. ఎర్రచీర కట్టిన పెళ్లికూతురు ఫోటోలో నల్లచీరతో వస్తుంది, వాళ్ల అత్తలు నా మీదికి కొట్లాటకు వస్తారు. నలుపు మీద ఎరుపు అంటే ఆ ప్లేటుకు నలుపు మీద నలుపు.

"వెనక ఇదే కట్టాలె," అన్నాడు వకీలు. "సాబు నేతపని మనిషి. వెనక నేతపనే ఉంటె ఖుష్ అయితడు."

రాజలింగు ముఖం చూశాను. ముఖాలు చూడటం నా వృత్తి. నాలుగు నెలలుగా కొత్తవాడకు నూలు సరిగా రావడం లేదు. నూలంతా యుద్ధానికి పోతోంది. మహకమా జాబితాలో పేరున్న సాలెలకే ఇంత అని తూచి ఇస్తున్నారు. రాజలింగు పేరు జాబితాలో లేదు. అతని రెండు మగ్గాలూ ఖాళీగా ఉన్నాయి. ఇంట్లో మిగిలిన నూలంతా ఈ జంపఖానలోకి పోయింది. ఇది సాబు కంటబడి పేరు జాబితాకెక్కితే మగ్గం ఆడుతుంది, లేకపోతే మిల్లు గేటు ముందు కూలికి నిలబడాలి. ఇదంతా అతను నాకు చెప్పలేదు. మెట్ల కింద నుంచి వకీలు మిత్రులకు చెప్పుకున్నాడు, వాళ్లు వినలేదు, నేను విన్నాను.

మూట కట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"వీరభద్రన్నా, ఫోటోల మంచిగ పడ్తదా ఇది?"

నేను పరదా కర్రకు తాడు చుడుతున్నాను. "వెల్తురు మంచిగుంటె అన్ని పడ్తయ్," అన్నాను.

అబద్ధం కాదు. ఆ మాటను అన్ని వైపుల నుంచీ తిప్పి చూసుకున్నాను, ఎక్కడా అబద్ధం దొరకలేదు. ఎరుపును చూసే ప్లేట్లు కూడా ఉంటాయి. యుద్ధానికి ముందు కొన్నవి నా దగ్గర ఒక రేకు డబ్బాలో నాలుగున్నాయి. దేని కోసం దాచుకున్నానో నాకే తెలియదు. దాచుకున్న వస్తువుకు కారణం అక్కరలేదు, దాచుకోవడమే దాని పని. విందు రోజు మధ్యాహ్నం సామాను సర్దుకుంటూ ఆ డబ్బాను చేతిలోకి తీసుకున్నాను. ఇందిరమ్మ మాట చెవిలో పడింది. అగ్గి అంటుకొని ఆరిపోయిన మహలా. వాళ్లకు రంగు కావాలి కదా, ఉండనీ. డబ్బాను మళ్లీ అరలో పెట్టాను. రాజలింగును అప్పుడు నేను తలుచుకోలేదని చెప్పగలిగితే బాగుండేది. తలుచుకున్నాను. వాళ్లలో ఒకడిగా లెక్కవేశాను, అంతే.

విందు వకీలు ఇంటి వెనక పెరట్లో జరిగింది. అందరూ ముఖాలకు పౌడరు రాసుకున్నారు. మొహతమీం సాబు సన్నటి మనిషి, మాటిమాటికీ జేబు గడియారం చూసుకున్నాడు. ఆయన మెడలో ఎన్ని దండలు పడ్డాయంటే గడ్డం కనబడటానికి రెండు తీయించాల్సి వచ్చింది. ముందు వరసలో ఎవరు కూర్చోవాలన్నదాని మీద అరగంట మర్యాదలు జరిగాయి. మీరంటే మీరని ఒకరినొకరు తోసుకుంటూ, ప్రతివాడూ మధ్య కుర్చీ వైపే జరిగాడు. నల్లగుడ్డ కింద తల పెట్టి చూస్తే కెమెరా అద్దంలో వాళ్లంతా తలకిందులుగా కనబడతారు. నేను ఈ పనిలో ఇన్నేళ్లు ఉండటానికి ఆ దృశ్యం ఒక కారణం.

రెండు గుంజల మధ్య జంపఖాన కట్టారు. గాలికి అది ఊగుతోంది.

"రాజలింగూ, ఎనక నిలబడి గట్టిగ పట్టుకో," అన్నాడు వకీలు.

రాజలింగు తన జంపఖాన వెనక్కి పోయాడు. పై అంచు మీద అతని వేళ్లు, కింద అతని పాదాలు మాత్రం కనబడుతున్నాయి. నేను మామూలు ప్లేటు పెట్టి, "కదలకుండ్రి" అన్నాను. అందరూ ఊపిరి బిగబట్టారు. మూత తీసి నాలుగు లెక్కపెట్టి మూశాను.

ఫోటో కాగానే సాబు వెనక్కి తిరిగి జంపఖానను వేళ్లతో తడిమాడు. తిప్పి వెనకవైపు కూడా చూశాడు. అప్పుడొక్కసారి గడియారం మరిచిపోయాడు. పని బాగుందన్నాడు. తన చేతిలో ఏమీ లేదని, పట్నంలో నేతపని తెలిసిన కమిటీ ఉందని, నెలాఖరు లోపల అర్జీ పెట్టుకుని దానికి ఈ ఫోటో జతచేస్తే వాళ్లు చూసి తేలుస్తారని చెప్పాడు. అర్జీ వకీలు సాబు సంతకంతో రావాలన్నాడు. తర్వాత జంపఖానను మడిచి ఆయన మోటారులో పెట్టారు. అది పట్నం పోయింది, కమిటీకి కాదు, సాబు ఇంటికి. ఇక్కడ మిగిలింది నా ప్లేటు.

ప్రింటు నేననుకున్నట్టే వచ్చింది. వెనక ఒక నల్లగోడ. దాని ముందు పౌడరు ముఖాలు దీపాల్లా వెలుగుతున్నాయి. గోడ పై అంచున ఎనిమిది వేళ్లు వేలాడుతున్నాయి. వకీలు దాన్ని చూసి మురిసిపోయాడు. "తెల్లగ పడ్డం వీరభద్రం, దొరల లెక్క," అన్నాడు. వేళ్లు చెరిపేయమన్నాడు, చెరిపేశాను. అద్దం కట్టించి హాలులో పెట్టాడు. జంపఖాన ఏమైందని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. మనిషి ఫోటోలో తన ముఖం తప్ప ఇంకేమీ చూడడు. ఈ ఒక్క సిద్ధాంతాన్ని ఎవరూ చెడగొట్టలేదు.

రాజలింగు రెండు రోజుల తర్వాత వచ్చాడు. ప్రింటు అతని చేతిలో పెట్టి, నేను కిటికీ పక్కన నిలబడ్డాను. నిజం చెప్పాలంటే అతని ముఖం చూడాలని నిలబడ్డాను. కోపం వస్తుందనుకున్నాను. కోపాన్ని ఎదుర్కోవడానికి మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను.

అతను దాన్ని దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, వెలుగులోకి పోయి చూశాడు.

"ఏదన్నా, నా జంపఖాన?"

"ఎనక నల్లగ ఉన్నది చూడు. అదే."

ఆ నల్లటి చోటును బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "రంగు నిలవలేదు గావచ్చు. మొగిలికి చెప్పిన నేను, ఇంకొక్కసారి ముంచుమని. కట్టెలు లేవు, సాలు అన్నది. కంటికి మంచిగనే కొట్టింది గని లోపల పట్టలేదన్నట్టు. ఇరవై ఏండ్ల సంది అద్దుతాంది. గింత పొరపాటు ఎన్నడు చెయ్యలేదు."

నా సిద్ధమైన మాటలు ఎక్కడా పనికిరాలేదు. అతను ప్రింటును బల్లమీద పెట్టి, ఇంటికి పోయి ఆమెను అడుగుతానని లేచాడు.

"రెండు దినాలు ఆగు," అన్నాను. "టచింగు చేస్తె కనవడ్తదేమో చూస్త."

నెగటివ్ మీద పెన్సిలుతో గీసిన చోటు ప్రింటులో తెల్లబడుతుంది. ముడతలు చెరపడం, మెడలో లేని గొలుసు పెట్టడం, ఇవన్నీ మేము అట్లాగే చేస్తాం. ఉత్తరం కిటికీ దగ్గర నెగటివ్‌ను వాలుగా పెట్టుకుని, రెండు పగళ్లు, మనుషుల తలల మధ్య నుంచి ఆ పద్మాల వరుసను గీశాను. వరండాలో చూసింది ఒకే ఒక్కసారి, అయినా ఒక్క రేకు కూడా మరిచిపోలేదు. చేయి దానంతట అదే నడిచింది. మధ్యలో ఒకసారి, మహలు వేసిన ఏడు నెలల్లో కూడా ఇంత సంతోషం లేదని గమనించి సిగ్గుపడ్డాను. దయ వల్ల చేస్తున్నానా, దొరికిపోతానని చేస్తున్నానా, ఒక మంచి గీత కనబడితే వదలలేక చేస్తున్నానా అని నన్ను నేను అడిగాను. మూడూ అబద్ధంలా వినబడ్డాయి.

ప్రింటు అందంగా వచ్చింది. రాజలింగు వచ్చి చూశాడు. చూపుడువేలిని ఒక పద్మం మీద, తర్వాత ఇంకొక పద్మం మీద పోనిచ్చాడు. ముఖం వెలగలేదు.

"ఇది నువ్వు గీసినవు."

"టచింగు అంటె గదే గద."

"అన్నా, మగ్గం మీద గీత గిట్ల మలుగది. పేక అడ్డం పోతది, పడుగు నిలువుంటది. గుండ్రంగ రావాలంటె మెట్లు మెట్లు ఎక్కాలె, మెట్లు మెట్లు దిగాలె. నువ్వు నున్నగ తిప్పినవు. గిట్ల తిప్పితె పోగు నిలువది. కమిటీల ఉన్నది నేసెటోళ్లే గద. దీన్ని చూసి సాలెకు నేసుడు రాదు, బొమ్మ గీపిచ్చుకచ్చిండు అంటరు. నూలు దేవుడెరుగు, ఊర్ల మొఖం చూపియ్యలేను."

రెండు పగళ్లు నా చేయి అంత గర్వంగా తిప్పిన ఒంపులు. వాటిలో ఒక్కటీ నేతలో సాధ్యం కాదు. నాకది తోచనే లేదు.

అతను ఇంకా ఆ ఒంపుల మీదే వేలు పెట్టి ఉన్నాడు. నెమ్మదిగా తల ఎత్తాడు.

"ఒక్కపారి చూసి ఇంత యాదికి పెట్టుకున్నవు. అంటె రంగు మంచిగనే పట్టింది. నీ కంటికి మంచిగనే కనవడ్డది." కెమెరా వైపు చెయ్యి చూపాడు. "నీ డబ్బకే కనవడలేదు. గది నీకు ఆ దినమే ఎర్కనా?"

కెమెరా వెనక నిలబడిన మనిషిని ఎవరూ చూడరు. అందుకే ఎదుటివాడు చూస్తున్నప్పుడు ముఖం ఎట్లా పెట్టుకోవాలో నేను ఎన్నడూ నేర్చుకోలేదు.

"ఎర్కే," అన్నాను. మామూలు ప్లేటుకు ఎరుపు కనబడదని చెప్పాను. కనబడే ప్లేట్లు నాలుగు నా దగ్గర ఉన్నాయని కూడా చెప్పాను. అది చెప్పాల్సిన అవసరం లేదు. చెప్పడం మొదలుపెట్టాక నోరు ఆగలేదు.

"నేను అడిగిన గదన్నా," అన్నాడు.

"అడిగినవు."

తిడతాడేమోనని చూశాను. తిడితే నాకు తేలిక. అతను బల్ల మీది కాగితాలను జరిపి, ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు. "మొగిలిని రెండు దినాల సంది మాట్లాడిస్తలేను," అన్నాడు, తనతో తాను అన్నట్టు. తర్వాత, "కాయితం తియ్యి. నల్లగ పడ్డ ఫోటోనే అర్జీకి పెడ్త. అది ఎందుకు నల్లగ పడ్డదో నువ్వు రాసియ్యి. నీ పేరు పెట్టి."

"రాజలింగూ, అర్జీ వకీలు సాబు చేతుల నుంచి పోతది. ఆయన చదువుతడు."

"చదవనీ."

"ఆయన హాల్ల పెట్టుకున్న ఫోటో ఖరాబుదని నేనే రాసిచ్చినట్టయితది. ఈ జిల్లల మళ్ల ఏ విందుకు నన్ను పిలువరు."

"నువ్వు తెల్సి చేసినవని రాయుమంటలేను. నాకు నూలు గావాలె, నీ తల గాదు. ఆ ప్లేటుకు ఎరుపు కనవడది, కనవడె ప్లేటు ఉండె, పెట్టలేదు. గంతే."

ఉర్దూలో రాసి, తెలుగులో చదివి వినిపించాను. యుద్ధకాలంలో సామగ్రి దొరకడం ఎంత కష్టంగా ఉందో, ఆ రోజు సాయంత్రపు వెలుతురు ఎంత మందంగా ఉందో, విందుకు విచ్చేసిన పెద్దల తొందర ఎంతటిదో అందులో ఉంది.

"యుద్ధం ఎందుకచ్చె దీంట్లకు?" అన్నాడు రాజలింగు.

చింపేసి రెండోది రాశాను. అందులో యుద్ధం లేదు. శాస్త్రం ఉంది. కాంతి గురించి, రసాయనాల గురించి ఏడు వాక్యాలు. చదువుతుంటే నాకే తెలిసింది. తప్పును మధ్యలో కూర్చోబెట్టి, దాని వెనక నేనొక మంచి పరదా వెతుకుతున్నాను. ఇన్నేళ్లూ నేను నవ్విన వాళ్లందరూ గుడ్డ ముందు నిలబడి చేసింది ఇంతకంటే నీచమైనదేమీ కాదు. ఉర్దూ అతనికి రాదు, ఒకటి రాసి ఇంకొకటి చదవొచ్చన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చి, కాసేపు కూర్చుంది.

"వకీలు సాబు మళ్ల చదివి చెప్తడు నాకు," అన్నాడు రాజలింగు, నా కలం వంక చూస్తూ.

మూడోది నాలుగు వాక్యాలు. జంపఖాన ఎర్రటి అల్లికతో ఉంది. నేను వాడిన ప్లేటు ఎరుపును చూడదు. చూసే ప్లేటు నా దగ్గర ఉన్నా వాడలేదు. ఇందులో నేతపనివాడి తప్పు గానీ, రంగు అద్దిన మనిషి తప్పు గానీ లేదు. కింద సంతకం చేశాను. చివరి వాక్యంలో రంగు అద్దిన మనిషి మాట అతను అడిగి పెట్టించుకున్నాడు.

ఇద్దరం హనుమకొండకు నడిచిపోయాం. వకీలు కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు, గోడమీది ఫోటో చూశాడు, మళ్లీ చదివాడు. "నా మొఖం మంచిగనే పడ్డది గద," అన్నాడు చివరికి, ఎవరినో బతిమాలుతున్నట్టు. అర్జీ మీద సంతకం చేసి రాజలింగుకు ఇచ్చి, నా వైపు చూడకుండా, "నీ పరదాలు ఇగ నీ దగ్గరనే ఉండనీ వీరభద్రం," అన్నాడు.

ఆ తర్వాత నన్ను విందులకు ఎవరూ పిలవలేదు. పెళ్లికూతుళ్లు, పాసుపోర్టు సైజు గుమస్తాలు, డోర్నకల్ గార్డు మిగిలారు.

వానలు పడే వేళకు ఒక పగలు, స్టూడియో ముందు బండి ఆగింది. బండిలో నూలు కట్టలు. పేరు జాబితాకెక్కింది గానీ అడిగినంత ఇవ్వలేదట, ఒక మగ్గానికే సరిపోతుందట. రాజలింగు దిగలేదు. పక్కన కూర్చున్న ఆవిడ మొగిలమ్మ అయి ఉండాలి, ముంజేతుల దాకా రంగు మరకలున్నాయి. ఆమె నన్ను తలనుంచి పాదాల దాకా ఒకసారి చూసి, ముఖం అటు తిప్పుకుంది.

"అదే జంపఖాన మళ్ల నేస్తానం," అన్నాడు రాజలింగు. "ఈపారి ఎరుపు బదులు పసుపు పెడ్తె ఏ డబ్బకైన కనవడ్తది గద అంటాంది మా మొగిలి."

"కనవడ్తది," అన్నాను.

"నేను ఎరుపే అద్దుమన్న. ఫోటోలు దిగెటందుకా మనం నేసుడు," అని ఎద్దులను అదిలించాడు.